మేస్త్రీ ఊపిరి

మార్చి 4

ఈ నోటుబుక్కు కొన్నది రికార్డింగులో దొర్లే తప్పులు రాసుకోవడానికి. మొదటి పేజీలోనే రాసుకుంటున్నాను: ఇవాళ్టి తప్పు నాది కాదు, మేస్త్రీది.

పన్నెండో అధ్యాయం ఏకబిగిన నలభై నిమిషాలు చదివాను. ఒక్క అక్షరం తడబడలేదు. మురిసిపోతూ విని చూసుకుంటే, కథానాయిక ఉత్తరం చదివి కుమిలిపోయే చోట వెనకాల గుర్రు. ఎవరో తీరిగ్గా రంపంతో దుంగ కోస్తున్నట్టు. ఈ ఆడియో పుస్తకం వినేవాళ్ళు ఆవిడ మొగుడు పక్కనే పడుకుని ఉన్నాడనుకుంటారు.

గదిలోకి రానివ్వకపోతే తలుపుని తలతో గుద్దుతాడు. ఇరవై ఎనిమిది కిలోల బుల్‌డాగ్ గుద్దితే, చప్పుడు రాకుండా నేను గోడలకి వేలాడదీసిన బొంతలన్నీ ఊగుతాయి. రానిస్తే బల్ల కింద నా పాదాల మీద పడుకుని గురక. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పని చెయ్యడు, చేసేవాళ్ళని కూర్చుని చూస్తాడు, అందుకని మేస్త్రీ అని మా ఆయన పెట్టిన పేరు. ఆయన పోయి రెండేళ్ళయింది. మేస్త్రీ అజమాయిషీ మాత్రం తగ్గలేదు.

సాయంత్రం అత్తయ్య అంది, "వీడి ఊపిరి తేడాగా ఉందే అమ్మాయ్." చెవి మిషన్ సొరుగులో ఉంది. అది లేకపోతే కుక్కర్ కూత కూడా వినపడని మనిషికి కుక్క ఊపిరి వినపడిందట. నవ్వొచ్చింది.

మార్చి 6

గుర్రు కోసేశాను. పదకొండు చోట్ల. కథానాయిక ఇప్పుడు ప్రశాంతంగా ఏడుస్తోంది.

మార్చి 10

ఎండ ముదరకముందే వీణ్ణి తిప్పుకు రావాలి. మామూలు కుక్కలు మనిషిని లాక్కుపోతాయి. మేస్త్రీని నేను లాక్కుపోవాలి. నడుస్తూ నడుస్తూ రోడ్డు మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కూలబడతాడు. బతిమాలితే వినడు, తిడితే వినడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని వచ్చే బండినీ పోయే బండినీ పరిశీలిస్తాడు. ఇవాళ ఒక బస్సు డ్రైవరు తల బయటికి పెట్టి, "అమ్మా, మీ సారు సంతకం పెట్టేస్తే మేం పోతాం" అన్నాడు.

వీడికి లిఫ్టంటే ప్రాణం. ఆయన లిఫ్టుల మెకానిక్. ఎవరో ఫ్లాటు ఖాళీ చేస్తూ పిల్లకుక్కని వంటింట్లో వదిలేసి పోతే, ఆ బిల్డింగులో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళిన ఆయన పానాల సంచీలో వేసుకుని తెచ్చారు. అప్పటి నుంచి లిఫ్టు ఎక్కితే దిగబుద్ధి కాదు. పై అంతస్తు టీచరుగారు ఒకసారి వీడితో మూడుసార్లు పైకీ కిందకీ తిరిగారు, దిగమని చెప్పడానికి మొహమాటపడి.

ఇంటికొచ్చాక మొహం ముడతలు తుడవడం. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. తడి మిగిలితే పుండు పడుతుంది. అది అత్తయ్య పని. "కుక్కతోక వంకరంటారు. వీడికి తోకే లేదు, వంకరొక్కటే మిగిలింది" అంటూ ఆ వంకర కింద కూడా తుడుస్తుంది. కుక్కలంటే ఆవిడకి గిట్టదు. ఆ మాట రోజూ చెబుతుంది, తుడుస్తూనే.

ఇవాళ లిఫ్టు పని చెయ్యలేదు. మెట్లెక్కించాను. రెండో అంతస్తులో పడుకుండిపోయాడు, పావుగంట. ఒట్టి బద్ధకం.

మార్చి 15

అత్తయ్య మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని వీడి వీపు మీద కాలు పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. పీట అంటుంది వాణ్ణి.

"పీట ఇదివరకు మెల్లిగా లేచి మెల్లిగా దిగేది. ఇప్పుడు దడదడా కొట్టుకుంటోంది. మధ్యమధ్యలో ఆగుతోంది."

"బుల్‌డాగంటేనే అంత అత్తయ్యా. ఆ అణిగిపోయిన ముక్కుతో గురక పెట్టక ఏం చేస్తాడు?"

"ఏంటీ?"

"గురక! వీళ్ళకి మామూలే!"

"గురక సంగతి నాకెందుకు, నాకు వినపడదుగా. నేను చెప్పేది కాలి సంగతి."

ఊపిరి నా వృత్తి. రోజుకి ఆరు గంటలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాక్యానికీ వాక్యానికీ మధ్య నేను పీల్చిన గాలిని వెతికి వెతికి కోసేస్తాను. నాకు ఈవిడ కాలు పాఠం చెబుతుందా?

మార్చి 16

మేస్త్రీ బాగున్నాడు.

మార్చి 17

బాగున్నాడు. ఎండ ఎక్కువగా ఉంది, అంతే.

మార్చి 19

బాగానే ఉన్నాడు. తిండి సగం వదిలేశాడు. అత్తయ్య రెండుసార్లు నా మొహం చూసింది. నేను కిటికీ తెర సర్దుకున్నాను.

మార్చి 22

ఇప్పుడే ఇంటికొచ్చాం. వరసగా రాస్తాను.

పదిన్నరకి కొరియర్ అతను బెల్లు కొట్టాడు. మేస్త్రీ ఎప్పట్లాగే తనిఖీకి పరిగెత్తాడు. పరుగంటే పది అడుగులు. తలుపు దగ్గర ముందుకాళ్ళు చెరో పక్కకీ జారి బోర్లా పడ్డాడు. నాలుక ఊదారంగుకి తిరిగింది. గొంతులోంచి వచ్చేది గురక కాదు, సన్నటి ఈల. నేను ఆ ఈల వింటూ నిలబడిపోయాను. అంతే చేశాను, నిలబడిపోయాను. అత్తయ్య తడితువ్వాళ్ళు తెచ్చి వాడి పొట్ట కిందా చంకల్లోనూ పెట్టి, కొరియర్ అతన్ని "నాయనా, ఓ చెయ్యి వెయ్యి" అంది. అతను పార్సెళ్ళు నేల మీద వదిలేసి, మేస్త్రీని రెండు చేతులా ఎత్తుకుని కిందకి పరిగెత్తాడు. ఆస్పత్రిదాకా వచ్చాడు. అతని పేరు కూడా అడగలేదు.

డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, వాడు తేరుకున్నాక అడిగారు, "ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"మొదట్నుంచీ ఇంతేనండీ. బుల్‌డాగ్ కదా."

"అందరూ అదే అంటారమ్మా. వీళ్ళ గురకని వీడియో తీసి నాకు చూపించి నవ్వుతారు. అది హాయిగా నిద్రపోవడం కాదు. గాలి కోసం గుంజులాట."

ఎక్స్‌రే చూపించారు. అంగిలి పొడుగ్గా పెరిగి గాలిదారికి అడ్డం పడుతోంది. ముక్కు రంధ్రాలు మినపగింజంత ఉన్నాయి. ఆ సందులోంచి గాలి లాగీ లాగీ గుండె ఉబ్బింది. అంగిలి కోసి పొట్టి చెయ్యాలి, ముక్కు వెడల్పు చెయ్యాలి. దానికి ముందు మూడు కిలోలు తగ్గాలి. మత్తు ఈ జాతికి అన్నిటికంటే ప్రమాదం, మత్తులోంచి లేచేటప్పుడు మరీను. చెయ్యకపోతే ఈ ఎండాకాలం దాటడు.

ఏప్రిల్ 18న చేస్తామన్నారు. సరేనన్నాను. పక్కనున్న అత్తయ్యకి ఎంత వినపడిందో తెలీదు.

మార్చి 24

ఎప్పట్నుంచి అన్నది ముల్లులా గుచ్చుకుంటోంది. జవాబు నా దగ్గరే ఉంది. ఊపిరీ గుర్రూ కొయ్యకముందటి రికార్డింగులన్నీ తేదీలు వేసి దాస్తాను. ఇవాళ పని మానేసి అవన్నీ విన్నాను. నా గొంతుని కాదు, దాని వెనకాల ఉన్నదాన్ని.

నవంబరులో పీల్చడానికి రెండు సెకన్లు, వదలడానికి రెండు. జనవరిలో పీల్చడానికే మూడున్నర. ఫిబ్రవరి 11 నుంచి మధ్యలో ఖాళీలు. మొదట నాలుగు సెకన్లు. తర్వాత ఏడు. తర్వాత తొమ్మిది. ఆ రోజుల కాగితాలు తీసి చూశాను. ఆ ఖాళీల పక్కన నా పెన్సిలు రాత: బాగుంది, ఇక్కడ కొయ్యక్కర్లేదు.

వాడికి ఊపిరాడని చోటల్లా నాకు రికార్డింగు బాగా కుదిరింది.

దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ కుక్క తన వంతు అప్పుడే మొరిగింది. మిగిలింది నేను.

మార్చి 29

పూటకి ఒక కప్పు, కొలిచి. గబగబా మింగకుండా గిన్నె మధ్యలో నున్నటి రాయి పెట్టాను. మొదటి రోజు రాయిని కూడా నోట్లో పెట్టుకుని చూశాడు. వారమంతా ఇంత చేసి ఇవాళ తూకం వేస్తే, రెండు వందల గ్రాములు పెరిగాడు.

అత్తయ్య కుర్చీ మెత్త కింద బిస్కెట్ల పొట్లం దొరికింది. సగం ఖాళీ.

"డాక్టరమ్మ మీ ముందేగా చెప్పారు!" అని అరిచాను. వినపడాలని కాదు, కోపానికే.

"చెప్పింది. చిక్కితే కోస్తానంది. వాడు చిక్కకపోతే కొయ్యరుగా?"

ఇంత ఎత్తు వేసిందని నేను అనుకోలేదు.

"మత్తిస్తారట. లేవకపోతే ఏం చేస్తావే? నిద్రలో పోయినవాళ్ళు చాలు ఈ ఇంట్లో."

బిస్కెట్లు చెత్తబుట్టలో వేసి గది తలుపేసుకున్నాను. మేస్త్రీ తలతో గుద్దాడు. తియ్యలేదు.

మార్చి 30

ఆవిడ నాతో మాట్లాడట్లేదు. నేనూ మాట్లాడట్లేదు. ఇద్దరం మేస్త్రీతో మాట్లాడుతున్నాం.

"ఒరేయ్, నానమ్మని మాత్ర వేసుకోమని చెప్పు."

"ఒరేయ్, మీ అమ్మని ముందు కాఫీ తాగమను, చల్లారి చచ్చింది."

వాడు ఇటు ఒకసారి, అటు ఒకసారి చూసి, గాలి వదిలాడు. పైనుంచి కాదు. ఇద్దరం ఒకేసారి ముక్కు మూసుకున్నాం. అయినా మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 3

ఇరవై ఏడు. కుర్చీ కింద వెతికాను. ఏమీ లేదు. ఆవిడ బీరువాలో కూడా వెతికాను. అక్కడా లేదు. సిగ్గేసింది.

ఏప్రిల్ 7

కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు. నాలుగు పేజీలు చదవడానికి పదిహేనుసార్లు ఆపాను. గురక వినిపిస్తే ఊపిరాడట్లేదేమోనని, వినిపించకపోతే ఆగిపోయిందేమోనని. బల్ల కిందకి వంగి వంగి నడుం పట్టేసింది.

ఆడియో పుస్తకాల ఆఫీసాయన ఫోన్ చేశాడు. "ఏంటి మేడమ్, పదిహేనో అధ్యాయం పరిగెత్తించారు? కథానాయిక బస్సు అందుకోవాలా?" మళ్ళీ చదువుతానన్నాను. చదవలేదు. కిటికీలు తుడిచాను, తుడిచినవే మళ్ళీ తుడిచాను.

ఏప్రిల్ 8

ఆ విషయం రాయను.

ఏప్రిల్ 11

ఈ నోటుబుక్కు చదివేది ఎవరని? నేనే. నాకు నేనే రాసుకోలేకపోతున్నాను.

ఆయనా గురక పెట్టేవారు. ఇంతవరకూ రాయొచ్చు. లోకంలో సగం మంది మొగుళ్ళు పెడతారు.

ఏప్రిల్ 12

నా తిండి నా చెవులు. వాటికి విశ్రాంతి కావాలి. "నువ్వు ఆ గదిలో పడుకో, నాకేం పరవాలేదు" అని ఆయనే అన్నారు.

ఆయనే అన్నారు.

లేదు. నేనే అడిగాను.

ఏప్రిల్ 17

ఇరవై అయిదు. డాక్టరమ్మ తూకం చూసి భుజం తట్టారు. నిజానికి చివరి రెండు వారాలూ కప్పు కొలిచి పోసింది అత్తయ్య. గీత దాటిన గింజల్ని వేలితో తీసి డబ్బాలో వేసేది. ఎప్పుడు మనసు మార్చుకుందో చెప్పలేదు, నేను అడగలేదు.

ఇవాళ వాడి ముడతలు తుడిచింది. అరగంటాగి మళ్ళీ తుడిచింది. నాకు భయంగా ఉంది. రేపటి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోతున్నాను.

ఏప్రిల్ 18

ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తాడేమో అనుకున్నాను. నర్సు చేతిలో సంచీ ఉంది. అందులో తిండి ఉందేమోనని దాన్నే చూస్తూ వెళ్ళిపోయాడు.

హాల్లో ఎదురుగా బుట్టలో పిల్లితో ఒకావిడ, అట్టపెట్టెలో తాబేలుతో ఒక ముసలాయన. నా పక్కన అత్తయ్య. మిషన్ కీచుమంటోందని తీసి పర్సులో వేసుకుంది. గంటయింది. గంటన్నర. లేచి నీళ్ళు తాగాను, కూర్చున్నాను, లేచాను, మళ్ళీ నీళ్ళు.

"కూర్చోవే. నీ తిరుగుడుకి ఆ పిల్లికి కళ్ళు తిరుగుతున్నాయి."

కూర్చున్నాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అత్తయ్యా, ఆ రోజు నేను ఆయన పక్కన లేను."

"ఏంటీ?"

"ఆయన పోయిన రోజు. పక్కన లేను."

"వినపట్టంలేదే. గట్టిగా చెప్పు."

రెండేళ్ళు గొంతులో దాచుకున్నదాన్ని గట్టిగా ఎలా చెబుతారు? మిషన్ పెట్టుకోమని సైగ చేశాను. ఆవిడ పర్సు ముట్టుకోలేదు. నా మొహం వంకే చూస్తోంది.

"ఆయన పోయినప్పుడు నేను వేరే గదిలో పడుకున్నాను! చెవుల్లో మైనం పెట్టుకుని! గురక భరించలేక! ఏడింటికి లేచి, కాఫీ కలిపి, అప్పుడు వెళ్ళి చూశాను!"

పుస్తకాలు చదివే గొంతు నాది. హాలు చివరిదాకా అక్షరం పొల్లుపోకుండా వెళ్ళింది. పిల్లి ఆవిడ బుట్టలోకి తల దించుకుంది. తాబేలాయన గోడ మీది పోస్టరు చదవడం మొదలుపెట్టాడు.

అత్తయ్య ఒళ్ళోని పర్సు తీసి పక్కన పెట్టింది. తర్వాత తనూ హాలంతటికీ వినపడేట్టు అంది.

"నువ్వు ఆ గదిలో పక్క వేసుకోవడం నేను చూళ్ళేదా? నేనున్నది వాడి గది గోడ పక్కనే కదే. కన్నదాన్ని. మిషన్ కీచుమంటోందని తీసి సొరుగులో పడేసి పడుకున్నా. పెట్టుకుని ఉంటే వినపడేదేమో. పిలిచాడేమో. నీకు చెబుదామని ఎన్నిసార్లు వచ్చానో. నువ్వు తలుపేసుకుని చదువుకుంటుంటావు."

"అందుకేనా మిషన్ పెట్టుకోరు?" అని పెదాలు కదిపాను. చప్పుడు రాలేదు. ఆవిడకి అర్థమైంది.

"ఇంకేం వినాలని పెట్టుకోను?"

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదహారేళ్ళు, ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

పదకొండుంపావుకి డాక్టరమ్మ వచ్చారు. "లేచాడు. లేస్తూనే నా గ్లవ్ తినబోయాడు" అన్నారు. అత్తయ్య నన్నడిగింది, "ఏమంటోంది?" నేను చెప్పలేక ఏడుస్తుంటే పిల్లి ఆవిడ చెప్పింది.

ఏప్రిల్ 20

ఇంటికొచ్చాడు. గురక లేదు. ఇల్లు వేరేవాళ్ళ ఇల్లులా ఉంది. ఇద్దరం వంతులేసుకుని వెళ్ళి వాడి పొట్ట కదులుతోందో లేదో చూసి వస్తున్నాం. నాలుగోసారికి వాడికి విసుగొచ్చి అటు తిరిగి పడుకున్నాడు.

ఏప్రిల్ 26

ఇవాళ పావురం వెంట పడ్డాడు! ఏడేళ్ళలో మొదటిసారి. పావురం కూడా నమ్మలేదు, ఆలస్యంగా ఎగిరింది.

సాయంత్రం ఆయన పానాల సంచీ దగ్గర పది నిమిషాలు నిలబడ్డాడు. రెండేళ్ళుగా ఆ సంచీ ఆ మూలే ఉంది, వీడు రోజూ దాని పక్కనుంచే వెళ్తాడు. వాసన ఇప్పటికి అందినట్టుంది. అత్తయ్య చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. సంతోషంగా ఉంది. అంతకంటే బాగా రాయడం రాదు.

మే 1

అత్తయ్య పొద్దుటి నుంచి సాయంత్రందాకా మిషన్ పెట్టుకుంటోంది. కీచుమంటే తిడుతోంది గానీ తియ్యట్లేదు. "ఈ కుక్కర్ ఇంత గోల చేస్తుందా? ఇన్నాళ్ళూ ఎలా భరించావే?" అంది.

మే 6

పరీక్షకి తీసుకెళ్ళాం. గాలిదారి చక్కగా ఉందట. గుండె మాత్రం అలిసిపోయిందట. మందులు మార్చారు. రోజులు లెక్కపెట్టొద్దన్నారు, అంటే లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయని.

"నవంబరులో తెచ్చి ఉంటే?" అని అడిగాను.

డాక్టరమ్మ కాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నారు. "బాగుండేదమ్మా" అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆవిడ మీద కోపం వచ్చింది. దారంతా ఉంది. ఇంటికొచ్చాక పోయింది.

మే 8

రికార్డింగు మానేశాను. ఆఫీసాయనకి జ్వరమని చెప్పాను. "గొంతు శుభ్రంగానే ఉందే" అన్నాడు. తలుపు తీసే ఉంచుతున్నాను. మేస్త్రీ ఏ గదిలో ఉంటే ఇద్దరం ఆ గదిలో. స్నానానికి కూడా ఒకరి తర్వాత ఒకరం.

మే 11

నిన్న పోయాడు.

మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాడు. హాల్లో చల్లటి బండల మీద పడుకున్నాడు. ఊపిరి చిన్నదవుతుంటే డాక్టరమ్మకి ఫోన్ చేశాను, బయల్దేరుతున్నానన్నారు. అత్తయ్య కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో పదేళ్ళుగా నేల మీద కూర్చోని మనిషి. నేను రెండో పక్కన. ఆవిడ చెయ్యి తల మీద, నాది పొట్ట మీద.

"మంచివాడివిరా వెధవా," అంటూనే ఉంది ఆవిడ. "ఒక్క పనీ చెయ్యలేదు గానీ మంచివాడివి."

ఒకసారి తల కొంచెం ఎత్తి ఆవిడనీ నన్నూ చూశాడు, పని సరిగ్గా చేస్తున్నామో లేదో చూసినట్టు. మళ్ళీ దించాడు. ఒక ఊపిరి తీసుకున్నాడు. దాని తర్వాతది రాలేదు. నేను వింటూ ఉన్నాను. ఆవిడా వింటోంది. ఎవరం లేవలేదు. తర్వాత ఇద్దరం గోడ గడియారం వైపు చూశాం. డాక్టరమ్మ వచ్చేసరికి ఇద్దరం అలాగే కూర్చుని ఏడుస్తున్నాం.

సాయంత్రం జంతువుల దహనశాలకి తీసుకెళ్ళాం. కౌంటరు దగ్గర గుమస్తా ఫారం నింపుకుంటున్నాడు. పేరు చెప్పాను, నవ్వలేదు, మంచివాడు. జాతి, వయసు, బరువు.

"పోయిన టైము?" అన్నాడు. "తెలీకపోతే సుమారుగా చెప్పండమ్మా. చాలామందికి తెలీదు."

మా ఆయన మరణపత్రం మీద కూడా ఆ మాటే ఉంది. సుమారు తెల్లవారుజాము. అది డాక్టరు అంచనా. ఆ సుమారు కింద నేనూ అత్తయ్యా సంతకాలు పెట్టాం.

గుమస్తా పెన్ను ఎత్తి మా వైపు చూస్తున్నాడు.

"మూడూ నలభై రెండు" అన్నాం, ఇద్దరం ఒకేసారి.